మ్యూజియంలో బొమ్మని 'సంరక్షణ కోసం' లోపలికి తీసుకెళ్తే అక్కడ ఏం చేస్తారు?

మలక్‌పేట నాన్న:

మొన్న ఆదివారం మా పాపని తీసుకుని సిటీలోనే ఒక మ్యూజియానికి వెళ్ళాను. పాప తొమ్మిదో తరగతి, బొమ్మలంటే ప్రాణం. దక్కనీ చిత్రాలున్న గదిలోకి వెళ్తే లైటు వేశారా, మరిచిపోయారా అన్నట్టుంది. అద్దానికి ముక్కు ఆనించి చూస్తుంటే గార్డు కేకేశాడు. ఇంకోచోట ఫ్రేము ఉండాల్సిన గోడ ఖాళీ. మేకు కింద ఒక చీటీ: 'సంరక్షణ నిమిత్తం తీయబడినది'. తేదీ చూస్తే పోయినేడాదిది.

ఇంక ఇంటికొచ్చేదాకా ప్రశ్నలే. "రంగు పోయినచోట మళ్ళీ వేస్తారా నాన్నా? వేస్తే అది పాత బొమ్మ ఎలా అవుతుంది? వెయ్యకపోతే ఏడాదిగా లోపల ఏం చేస్తున్నట్టు?" నేను బ్యాంకులో లోన్లు చూసేవాణ్ణి, నాకేం తెలుసు? గూగుల్‌లో వెతికితే ఏవో విదేశీ వీడియోలు వచ్చాయి. ఒకాయన దూదితో తుడుస్తుంటే నల్లటి బొమ్మలోంచి తెల్లటి మొహం బయటికి వస్తోంది. చూడ్డానికి బాగుంది. మన దగ్గరా అంతేనా?

ఇంకో సందేహం. ఉన్నవాటిలో చాలాభాగం స్టోర్లలోనే ఉంటుందంటారు. జనం చూడనప్పుడు దాచి లాభమేంటి? ఇందులో పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉంటే పాపకి అర్థమయ్యేలా చెప్పండి. నాక్కూడా.

చౌరస్తా ముచ్చట:

అన్నా, పరేషాన్ గాకు. లోపట ఏం జరగది. బొమ్మను తీస్కపోయి గోదాంల వెడ్తరు, తాళమేస్తరు. సంతకం వెట్టాల్సిన సారు ట్రాన్స్‌ఫర్ అయితడు. కొత్త సారు వచ్చి ఫైలు మొదటికెల్లి చదువుతడు. గంతే కథ. లైట్లంటవా, కరెంటు బిల్లు.

కాగితం డాక్టరమ్మ:

చౌరస్తా తమ్ముడూ, సంతకాల సంగతి కాదనను, చాలాసార్లు కళ్ళారా చూశాను. కరెంటు బిల్లు మాట మాత్రం తప్పు.

నాన్నగారూ, నేను రిటైరయ్యేదాకా ఒక పెద్ద మ్యూజియం ల్యాబులో కాగితం మీది బొమ్మలు చూసుకునేదాన్ని. ఇల్లు మెహదీపట్నం. మోకాళ్ళు పోయాయి గానీ కళ్ళు ఇంకా పనిచేస్తున్నాయి, అందుకే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను. పాపని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

ముందు లైటు. వెలుతురుని లక్సుల్లో కొలుస్తాం. బయట నడినెత్తి ఎండ లక్ష లక్సుల దాకా ఉంటుంది. కాగితం మీద నీటిరంగు బొమ్మకి, పట్టుబట్టకి 50 లక్సులు దాటకూడదన్నది మ్యూజియాల వాళ్ళు మామూలుగా పాటించే లెక్క. ఆయిల్ పెయింటింగుకి 200 దాకా ఫర్వాలేదు. రాయికి వెలుతురుతో పేచీ లేదు. అందుకే సాలార్‌జంగ్ మ్యూజియంలో బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెక్కా విగ్రహం మీద ఎంత లైటు వేసినా ఆ పాలరాతికి ఏమీ కాదు. అదే లైటు పుస్తకం పేజీ అంత బొమ్మ మీద పెడితే లక్కతో చేసిన గులాబీ రంగు వెలుస్తుంది, ఆకులూ పువ్వుల నుంచి తీసిన పసుపులు వెలుస్తాయి. మీరు లోన్ల మనిషి కాబట్టి మీ లెక్కలోనే చెప్తాను: వెలుతురు దెబ్బ వడ్డీలా రోజూ అసలులో కలుస్తుంది, దీనికి మాఫీ పథకం లేదు. చీకట్లో పెడితే కొత్త దెబ్బ ఆగుతుంది గానీ పోయిన రంగు వెనక్కి రాదు. అందుకే కొన్ని నెలలు గోడ మీద పెట్టి, తర్వాత దించి చీకట్లో పడుకోబెడతాం. మీరు చూసిన ఖాళీ మేకు వెనక రోగమే ఉండక్కర్లేదు, విశ్రాంతి కూడా అయుండొచ్చు.

ఇక స్టోరు. సాలార్‌జంగ్ సేకరణనే తీసుకోండి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో పెళ్ళీ పిల్లలూ లేకుండా పోయారు. ఆయన ఇల్లు దివాన్ దేవిడీలోనే 1951 డిసెంబరు 16న నెహ్రూ చేతుల మీదుగా మ్యూజియం తెరిచారు. మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి 1968లో మారింది. వస్తువులే 40,000 పైచిలుకు. రాతప్రతులు, అచ్చు పుస్తకాలు వేరే లెక్క. ఇంత సొత్తు ఒకేసారి గోడలకి తగిలించే మ్యూజియం ప్రపంచంలో ఎక్కడా ఉండదు. దాచి లాభమేంటి అన్నారు. చదివేవాళ్ళకి స్టోరే అసలు గ్రంథాలయం. ఒకే చిత్రకారుడి చేయి అనుకున్న పాతిక బొమ్మలు పక్కపక్కన బల్ల మీద పరిచి చూసే వీలు గ్యాలరీలో ఎక్కడుంది?

సంరక్షణ అంటే దూదితో బల్ల దగ్గర కూర్చుని చేసేదని వీడియోలు చూసి అనుకుంటారు. నన్నడిగితే పనిలో ముప్పాతిక వంతు స్టోరులోనే. గాలిలో తేమ 65 శాతం దాటి కొన్నాళ్ళు నిలబడితే బూజు పడుతుంది. మన దగ్గర జులై నుంచి సెప్టెంబరు దాకా రోజూ ఇదే యుద్ధం. తేమ ఎక్కువుండటం కంటే ఎక్కీ దిగీ ఆడటం ఇంకా చెడ్డ. పొద్దున పదింటికి ఏసీ వేసి సాయంత్రం ఐదింటికి కట్టేసే గదిలో కాగితం, చెక్క, రంగు ఒక్కోటి ఒక్కో వేగంతో ఉబ్బి, కుంచించుకుని పొరలు విడిపోతాయి. అలాంటి గది కంటే ఏసీ మొహమే చూడని, రెండడుగుల మందం గోడలున్న పాత దేవిడీ గది వెయ్యి రెట్లు మేలు. ఈ మాట మీటింగుల్లో చెప్తే నన్ను పాతకాలపు మనిషి అనేవాళ్ళు. గ్యాలరీకి కొత్త గ్రానైటు పరచడానికి డబ్బు దొరుకుతుంది. స్టోరు బీరువాలకి ఆమ్లం లేని అట్టపెట్టెలు కొనాలంటే మాత్రం 'వచ్చే బడ్జెట్‌లో చూద్దాం'.

ఇప్పుడు బల్ల దగ్గరికొద్దాం, పాప అడిగింది దాని గురించే కదా.

దక్కనీ ఆల్బం పేజీ ఒకటి నా దగ్గరికి వచ్చింది. దర్బారు దృశ్యం, రెండు అరచేతులు పక్కపక్కన పెడితే ఎంతో అంత. బొమ్మ చుట్టూ జద్వల్ అని గీతలు ఉంటాయి: బంగారం, ఎరుపు, ఆకుపచ్చ. ఆ ఆకుపచ్చ రాగి చిలుముతో చేసినది. రాగి కాగితాన్ని తినేస్తుంది. ఆ గీత వెంబడి మొదట గోధుమరంగు వస్తుంది, తర్వాత పెళుసెక్కుతుంది, ఆఖరికి బ్లేడుతో కోసినట్టు తెగుతుంది. ఈ పేజీలో మూడు వైపులా తెగిపోయి, బొమ్మ నాలుగో వైపు పట్టుకుని వేలాడుతోంది. ఎవరో మహానుభావుడు దాన్ని గట్టి అట్టకి మైదా లైతో అతికించేశాడు. పురుగు పట్టకూడదని లైలో మైలుతుత్తం కలిపాడు, పాత బైండర్లకి అలవాటే అది. మైలుతుత్తం అంటే మళ్ళీ రాగే. అంటే ముందు నుంచి తినే రాగి ఒకటి, వెనక నుంచి తినే రాగి ఇంకొకటి.

తడిపితే అట్ట సులువుగా ఊడుతుంది. కానీ తడపలేం. రంగుల్లో కలిపింది తుమ్మబంక, నీళ్ళు తగిలితే కదులుతుంది. చిలుము గీతకి తడి తగిలితే రాగి పక్కలకి కూడా పాకుతుంది. కాబట్టి ముందు మైక్రోస్కోపు కింద ఒక్కో పెచ్చూ చూసుకుంటూ, ఊడిపోయేలా ఉన్న తెల్లరంగు అంచుల కిందికి పలచటి చేప జిగురు చుక్క వదిలాను, మూడు వెంట్రుకల బ్రష్‌తో. తెలుపు సీసపు సఫేదా, మందంగా వేస్తారు, దర్బారులో ముత్యాల దండలన్నీ అదే. ఒక్క ముత్యం రాలినా కింద మచ్చ కనబడుతుంది. అవి గట్టిపడ్డాక బొమ్మని మెత్తటి పరుపు మీద బోర్లా పడుకోబెట్టి, వెనకనుంచి అట్టని పొర తర్వాత పొర స్కాల్పెల్‌తో గీకడం. ఒక పూటకి అరచేతి మేర దిగితే గొప్ప. ఆఖరి పొర, అంటే లై పొర, దాని మీద మాత్రం కాస్త చెమ్మ ఉన్న జెల్ పెట్టి, మెత్తబడగానే తీసేయడం. తెగిన గీతల వెనక జపాన్ కాగితం పీలికలు, ఉల్లిపొర కంటే పలచన, ముందే జిగురు పూసి ఆరబెట్టుకున్నవి, తడి పేరుకి తగిలించి అంటించాను.

ఇంత చేశాక ముందు నుంచి చూస్తే బొమ్మలో ఏ తేడా ఉండదు. విజిటర్ ఎవరూ 'అబ్బ' అనరు. రంగు రాలినచోట నేను కుంచె పెట్టలేదు. చిల్లు పడ్డచోట మాత్రం పాత కాగితం ఛాయకి దగ్గరగా అద్దిన ముక్క పెట్టాను, కంటికి అడ్డం రాకుండా. ఆయిల్ పెయింటింగుల వాళ్ళు కొంచెం ఎక్కువ చేస్తారు గానీ వాళ్ళదీ ఇదే నియమం: రాలినచోటే రంగు, దాని పక్కన మిగిలిన పాత రంగు మీదికి ఒక్క చుక్క కూడా పోకూడదు, రేపు ఎవరైనా తీసేయాలనుకుంటే అసలు బొమ్మకి దెబ్బ తగలకుండా ఊడిరావాలి.

ఈ నియమం ఊరికే రాలేదు. మన హైదరాబాదుకి సంబంధించిన కథే ఒకటుంది. అజంతా అప్పట్లో నిజాం రాజ్యంలో ఉండేది. పురావస్తుశాఖ పెద్ద గులాం యజ్దానీ హయాంలో, 1920 ప్రాంతంలో, గుహల్లోని బొమ్మలు రాలిపోతున్నాయని ఇటలీ నుంచి చెక్కోనీ, ఓర్సినీ అనే ఇద్దరు నిపుణుల్ని రప్పించారు. డబ్బుకి వెనకాడలేదు. వాళ్ళు ఊడుతున్న గచ్చుని గోడకి అతికించారు, ఆ పని మంచిదే. రంగులు నిలవడానికి పైన లక్క వార్నిష్ కూడా పూశారు. పూసిన రోజు బొమ్మలు తళతళలాడి ఉంటాయి. తర్వాత ఆ వార్నిష్ పసుపెక్కి, గోధుమరంగుకి తిరిగి, గుహ దుమ్మునీ మసినీ పట్టుకుంది. దాన్ని తీయడానికి భారత పురావస్తు శాఖ రసాయన విభాగం దశాబ్దాల తరబడి కష్టపడింది. వాళ్ళు పనిరాని వాళ్ళు కాదు, ఆ కాలానికి మేటివాళ్ళు. ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలకి నేను ముందు ఈ కథే చెప్పేదాన్ని. నా బల్ల మీదికి వచ్చిన రోగాల్లో సగానికి పైగా కాలం చేసినవి కావు, ఎవరో ప్రేమతో చేసిన రిపేర్లు. అట్టలు, సెల్లోటేపు, లామినేషన్, వార్నిష్.

కాబట్టి పాపకి చెప్పండి: ఏడాదిగా లోపల ఏం చేస్తున్నారంటే, ఎక్కువగా చూస్తున్నారు, రాసుకుంటున్నారు, ఏం చెయ్యకూడదో తేల్చుకుంటున్నారు. కొంత సంతకం కోసం ఎదురుచూస్తున్నారు కూడా, అది చౌరస్తా తమ్ముడి ఖాతాలో వేసుకోండి.

యాక్సెషన్ బాబు:

డాక్టరమ్మ గారు మా సెక్షన్‌ని మరిచిపోయారు, ఎప్పటిలాగే 😀

నేను రిజిస్టర్ల వైపు మనిషిని. వస్తువు లోపలికి రాగానే దానికో నంబరు పడుతుంది. నంబరు లేని వస్తువు పోయినా ఎవరికీ తెలియదు, దొరికినా మనదని నిరూపించలేం. ఆ నంబరు రాయడంలోనూ పద్ధతి ఉంది. కాగితమైతే వెనక మూలన మెత్తటి పెన్సిల్‌తో, నొక్కకుండా. బట్టయితే నూలు టేపు ముక్క మీద రాసి ఒక మూలన రెండు కుట్లు. నల్లటి లోహంలో వెండి పొదిగిన బిద్రీ హుక్కా అడుగున అయితే ముందు పారలాయిడ్ అనే పారదర్శకమైన రెసిన్ పూత సన్నగా వేసి, అది ఆరాక దాని మీద ఇంకు, పైన ఇంకో పూత. అసిటోన్‌తో తుడిస్తే నంబరు పోతుంది, వస్తువుకి ఏం కాదు. పాతకాలం వాళ్ళు ఎనామిల్ పెయింటుతో ఎదురుగా రాసేసినవి ఇప్పటికీ కనబడతాయి.

పాత ఉర్దూ రిజిస్టర్లలో 'తస్వీర్, ఏక్ అదద్' అని ఒక్క ముక్క రాసి వదిలేసినవి ఉంటాయి. ఏ తస్వీరు, ఎంత పొడుగు, ఎవరిది, ఏమీ ఉండదు. దాన్ని స్టోరులో ఉన్న బొమ్మతో జత కలపడమంటే పోలీసు పనే. ఇప్పుడు జాతీయ మ్యూజియాలకి జతన్ అనే సాఫ్ట్‌వేరు ఉంది, ఫోటోతో సహా ఎక్కిస్తున్నారు. ఎక్కించేటప్పుడు కొలత తప్పు కొడితే ఆ తప్పు కూడా పదిలంగా ఉంటుందనుకోండి, అది వేరే సంగతి.

చౌరస్తా ముచ్చట:

సరే అమ్మా, కరెంటు బిల్లు మాట వాపస్ తీస్కుంటున్న. బిద్రీ అన్నరు గద, మా ఇంట్ల పాందాన్ ఒకటున్నది. మా చెల్లె బ్రాసోతోని రుద్దితే నలుపు పోయి బూడిద రంగైంది. ఇగ పోయినట్టేనా?

కాగితం డాక్టరమ్మ:

లోహం నా శాఖ కాదు, అయినా ఇది చెప్పగలను. బిద్రీ ఒళ్ళు చాలావరకు జింకు, కొంచెం రాగి. బీదర్ కోట మట్టితో ఉడికిస్తే ఆ ఒళ్ళు నల్లబడుతుంది, పొదిగిన వెండి తెల్లగా మిగులుతుంది. మీ చెల్లెలు రుద్దేసింది ఆ నలుపునే. పూర్తిగా పోయి ఉండదు. మట్టి వైద్యం ఇంట్లో చెయ్యకు, బిద్రీ పనివాళ్ళకే చూపించు. ఈలోగా బ్రాసో డబ్బా చెల్లెలికి అందకుండా పెట్టు.

మలక్‌పేట నాన్న:

అమ్మా, మీకు దణ్ణం. పాప రెండుసార్లు చదివింది. ముత్యాల దండ దగ్గర ఆగి, మా ఆవిడ ముత్యాల దండ తెచ్చి భూతద్దంతో చూసింది.

ఇంట్లో ఉన్న రెండిటి గురించి కూడా అడిగేస్తాను. ఒకటి మా తాతగారి ఆయిల్ పెయింటింగు. నిజాం జమానాలో రెవెన్యూలో గుమాస్తా. షేర్వానీ, రూమీ టోపీ, మీసం. బాగా నల్లబడింది. ఫ్రేముల షాపతను సబ్బునీళ్ళతో కడిగి అవిసె నూనె పూస్తే కొత్తదవుతుందన్నాడు. రెండోది మా అత్తగారి ఊర్లో, జనగామ వైపు, అటక మీద దొరికిన చేర్యాల పటం, గుడ్డ మీద కథ బొమ్మలు రాసింది. కథ చెప్పే కూనపులి వాళ్ళు ఎప్పుడో మా మామగారి దగ్గర వదిలిపెట్టి వెళ్ళారట. మడత పెట్టి ట్రంకు పెట్టెలో ఉంది, మడతల దగ్గర రంగు పొడిపొడిగా రాలుతోంది. తెరవాలంటే భయంగా ఉంది.

కాగితం డాక్టరమ్మ:

భయం మంచిదే, అలాగే ఉంచుకోండి.

తాతగారితో మొదలుపెడదాం. అది ఆయిల్ పెయింటింగేనా అన్నది ముందు తేలాలి. మన పాత ఇళ్ళలో అలా అనుకునేవాటిలో చాలా మటుకు ఫోటోలు. లాలా దీన్ దయాళ్ సికింద్రాబాదులో స్టూడియో పెట్టిన రోజుల నుంచీ ఇక్కడ ఫోటోల మోజు. తర్వాత ప్రతి బజారులో ఫోటోని పెద్దది చేసి పైన రంగులు దిద్దే పనివాళ్ళు ఉండేవాళ్ళు. భూతద్దం పాప చేతిలో ఉందిగా, మీసం అంచు, కళ్ళ చుట్టూ చూడమనండి. షేర్వానీ మీద కుంచె గీతలు స్పష్టంగా ఉండి, మొహం దగ్గర మాత్రం గీతే లేకుండా నునుపుగా ఛాయలు కలిసిపోతే అది ఫోటో అయుండొచ్చు. వెనక కాన్వాసు బదులు అట్ట ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది. ఫోటోలో బొమ్మ ఉండేది జిలాటిన్ పొరలో. సబ్బునీళ్ళు తగిలితే అది ఉబ్బి, తాతగారి మొహం గుడ్డకి అంటుకొచ్చేస్తుంది.

నిజంగా ఆయిల్ అయినా సబ్బునీళ్ళు వద్దు, సన్నటి పగుళ్ళలోంచి లోపలికి దిగుతాయి. అవిసె నూనె అసలే వద్దు. నాలుగు రోజులు మెరుస్తుంది, తర్వాత పసుపెక్కి గట్టిపడుతుంది. ఆ గట్టిపడ్డ నూనెకీ కింది రంగుకీ గుణం ఒకటే కాబట్టి ఒకదాన్ని కరిగించి ఇంకోదాన్ని వదిలే ద్రావకం దొరకదు. యూట్యూబులో బంగాళదుంప, నిమ్మచెక్క, బ్రెడ్డు ముక్క చూపిస్తారు, అవీ వద్దు. మేం ల్యాబులో మామూలు మురికికి వాడేది ఏంటో చెప్తే నవ్వుతారు: ఉమ్ము. దూదిపుల్లని నాలుక మీద తడిపి, అంగుళం మేర తిప్పి, పుల్ల మార్చడం. ఉమ్ములో ఉన్న ఎంజైములు మురికిని వదులు చేస్తాయి. ప్రపంచంలో పెద్దపెద్ద ల్యాబులూ చేసిన పనే ఇది. మీరు చెయ్యకండి, కింద రంగు గట్టిగా ఉందో లేదో చూసే కన్ను కావాలి దానికి.

మీరు చేయగలిగింది: పొడి మెత్తటి బ్రష్‌తో పైదుమ్ము దులపడం, అదీ రంగు పెచ్చులు లేవకపోతేనే. బయటి గోడకి కాకుండా లోపలి గోడకి తగిలించడం. ఫ్రేము కింది మూలల వెనక రెండు బిరడా ముక్కలు అంటిస్తే గోడకీ బొమ్మకీ మధ్య గాలి ఆడుతుంది, చెమ్మ దిగదు. వెనకవైపు ఒక అట్ట బిగిస్తే బల్లులు గుడ్లు పెట్టవు. ఫ్రేముల షాపతన్ని ఫ్రేముకే పరిమితం చేయండి.

ఇక పటం. ఈ పటాలు రాసే చేర్యాల నకాషీల పద్ధతి తెలిస్తే రంగు ఎందుకు రాలుతోందో అర్థమవుతుంది. ఖద్దరు గుడ్డకి చింతగింజల అంబలి, సుద్దమట్టి, బంక కలిపి పూతలు పూస్తారు. ఆ సుద్ద పూత మీద రంగులు, రంగుల్లోనూ బంకే. గుడ్డ వంగుతుంది, సుద్ద వంగదు. చుట్టగా చుడితే తట్టుకుంటుంది, మడత పెడితే మడత మీద విరుగుతుంది. కథ చెప్పేవాళ్ళు దాన్ని చుట్టే పెట్టేవాళ్ళు, కర్రకి వేలాడదీసి కథ నడిచినకొద్దీ విప్పేవాళ్ళు. మడత మీవాళ్ళ అటక చలవ.

చింతగింజల అంబలి పురుగులకి పాయసం, కాబట్టి ముందు ట్రంకు పెట్టెలో చిల్లులు, పొడి ఏమైనా ఉన్నాయేమో చూడండి. కలరా ఉండలు వెయ్యకండి, ఆ ఆవిరి మీకూ మంచిది కాదు. అటక మీదికి మళ్ళీ పంపకండి, ఎండలో మాత్రం అస్సలు పెట్టకండి. తెరవడం మాత్రం ఆగండి. మడతల దగ్గర రంగు నిలబెట్టకుండా విప్పితే ఎన్ని మడతలున్నాయో అన్ని బొమ్మలు పోతాయి. వర్షాలు తగ్గాక, గుడ్డ మీది బొమ్మలు చూసే సంరక్షకుల చేత విప్పించండి. విప్పాక లావాటి గొట్టానికి, ఉతికిన గంజిలేని నూలుగుడ్డ చుట్టి, దాని మీద పటాన్ని బొమ్మ బయటికి వచ్చేలా చుట్టాలి. లోపలికి చుడితే తెరిచినప్పుడు పగుళ్ళు విచ్చుకుంటాయి, బయటికి చుడితే మూసుకుంటాయి.

కూనపులి వాళ్ళదంటే మార్కండేయ పురాణం అయుంటుంది, పద్మశాలీలకి వాళ్ళు చెప్పేది అదే. మీకు ఇంకొకటి కూడా చెప్పాలి. పటం పాతబడితే కొత్తది రాయించుకుని పాతదాన్ని పూజచేసి నీళ్ళలో కలిపే ఆచారం వాళ్ళలో ఉంది. అంటే అది కలకాలం ఉండాలని చేసిన వస్తువు కాదు. వాళ్ళు దాన్ని నీళ్ళలో కలపకుండా మీ మామగారి దగ్గర ఎందుకు వదిలారో ఊర్లో పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే ఇప్పుడే అడిగి, ఫోన్లో రికార్డు చేసి పెట్టుకోండి. రంగుకి నేను వైద్యం చెప్పగలను గానీ ఆ ముచ్చట పోతే ఏ ల్యాబూ తేలేదు.

ఓయూ కెమిస్ట్రీ:

మేడమ్, నమస్తే. ఎమ్మెస్సీ ఫైనలియర్. రెండు ప్రశ్నలు. నకిలీ బొమ్మని ఎలా పడతారు? మాలాంటి వాళ్ళు ఈ లైన్లోకి రావాలంటే దారేంటి?

కాగితం డాక్టరమ్మ:

నకిలీని పట్టడం మా పనిలో చిన్న ముక్క, సినిమాలు దాన్ని పెద్దది చేశాయి. అయినా నీకు నచ్చుతుంది కాబట్టి చెప్తాను. ఎక్స్‌ఆర్‌ఎఫ్ అని ఎక్స్‌రేలతో పనిచేసే యంత్రం బొమ్మని తాకకుండానే ఏ మూలకం ఉందో చెప్తుంది. ఎరుపులో పాదరసం వస్తే ఇంగిలీకం. పసుపులో ఆర్సెనిక్ వస్తే హరిదళం. తెలుపులో సీసం ఉంటే సఫేదా. గోల్కొండ 1687లో పడిపోయింది. ఆ కాలపు బొమ్మ అని తెచ్చినదాని తెలుపులో టైటానియం కనబడిందనుకో, టైటానియం తెలుపు కుంచెల్లోకి వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలో. అంతమాత్రాన నకిలీ అని అరవకు. ఎవరో తర్వాత దిద్దిన చోట యంత్రం పెట్టి ఉండొచ్చు. నాలుగుచోట్ల కొలవాలి, యూవీ దీపం కింద దిద్దిన మచ్చలు వేరే వెలుగులో కనబడతాయేమో చూడాలి. ఆవులకి మామిడాకులు మేపి తీసిన పాత పసుపు ఒకటుంది, యూవీ కింద అది ఎలా మెరుస్తుందో ఒక్కసారి చూస్తే మరిచిపోవు.

నకిలీ కంటే నాకు ఇష్టమైంది ఇన్‌ఫ్రారెడ్. పై రంగుల్ని దాటి కింద కాటుకతో గీసిన మొదటి గీతల దాకా వెళ్తుంది. పైన రాసిన దర్బారు పేజీలో చామరం పట్టుకున్న పరిచారకుడు ఒకడున్నాడు. ఇన్‌ఫ్రారెడ్‌లో వాడికి మూడు చేతులు. ముందు కిందికి దించిన చెయ్యి గీసి, సుల్తాను మోకాలికి అడ్డం వస్తోందని కాబోలు, తెల్లపూత పూసి పైకెత్తిన చెయ్యి వేశాడు. చిత్రకారుడి పేరు మనకి తెలియదు గానీ ఆలోచన మారిన క్షణం అక్కడుంది. అది చూసిన రోజు క్యాంటీన్లో అందరికీ నేనే చాయ్ తాగించాను. ఇదే తీరు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఉన్న ఈజిప్టు మమ్మీకీ. 1930లో ఏడో నిజాం మ్యూజియానికి ఇచ్చినది, 2016లో సీటీ స్కాన్ తీశారు. కట్లు విప్పకుండా లోపల చూడగలగడం, అంతకంటే ఏం కావాలి.

దారి అంటావా, ఢిల్లీలో నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్ అని ఉండేది, ఇప్పుడు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్ అంటున్నారు, నోయిడాలో. కన్సర్వేషన్‌లో ఎమ్మే ఉంది, సైన్సు వాళ్ళనీ తీసుకుంటారు. లక్నోలో ఎన్‌ఆర్‌ఎల్‌సీ, అంటే సంరక్షణ మీద పరిశోధన చేసే జాతీయ ల్యాబు, 1976 నుంచి ఉంది, శిక్షణ ఇస్తారు. ఉద్యోగాలు తక్కువ, నోటిఫికేషన్లు బహు తక్కువ, ముందే చెప్తున్నా. ప్రైవేటు పని ఇప్పుడు కొంచెం పెరిగింది.

కెమిస్ట్రీ నీకు ఉంది కాబట్టి దాని సంగతి నేను అడగను. చేతి సంగతే చూడాలి.

ఓయూ కెమిస్ట్రీ:

ఇంట్లో ఏం ప్రాక్టీస్ చెయ్యొచ్చు మేడమ్? జపాన్ కాగితం కొనే స్తోమత లేదు.

కాగితం డాక్టరమ్మ:

కాగితం తర్వాత. ముందు జిగురు వండటం నేర్చుకో. మైదా లై కాదు, అందులో ఉండే బంకపదార్థం, అదే గ్లూటెన్, పురుగుని పిలుస్తుంది, పసుపెక్కుతుంది. మైదాని చపాతీపిండిలా కలిపి అరగంట వదిలెయ్. తర్వాత గిన్నెడు నీళ్ళలో పిసుకుతూ ఉంటే పాలలాంటి నీళ్ళు దిగుతాయి, చేతిలో రబ్బరులాంటి ముద్ద మిగులుతుంది. ముద్ద పారెయ్. తెల్లనీళ్ళు రాత్రంతా కదపకుండా ఉంచితే అడుగున గంజిపొడి పేరుకుంటుంది, పైనీళ్ళు వంపేసి మళ్ళీ మంచినీళ్ళు పోసి ఇంకో రెండుసార్లు కడుగు. ఆరబెట్టుకున్న పొడి ఒక వంతుకి ఐదు వంతుల ఫిల్టరు నీళ్ళు, సన్నమంట, అరగంటకి తక్కువ కాకుండా, చెయ్యి ఆపకుండా కలపాలి. తెల్లగా ఉన్నది కాస్త పారదర్శకంగా మారి గరిటె నుంచి తీగలా జారాలి. చల్లారాక పలచటి నూలుగుడ్డలో వేసి వడకట్టు, ఒకసారి కాదు, మూడుసార్లు. ఒక్క గడ్డ ఉన్నా కాగితం మీద బొడిపెలా తేలుతుంది. ఫ్రిజ్‌లో పెడితే కొన్నాళ్ళు ఉంటుంది, పుల్లటి వాసన వస్తే పారబొయ్యి.

దాంతో పాత వారపత్రిక పేజీ ఒకటి చించి, టిష్యూ పేపరు పీలికతో వెనకనుంచి అతుకు. ఆరాక ముందు, వెనక ఫోటోలు తీసి ఇక్కడ పెట్టు. ముడత పడిందా లేదా నేను చూస్తాను. మలక్‌పేట పాపని కూడా చేయమను, తొమ్మిదో తరగతి చేతులు నీ చేతుల కంటే నిదానంగా ఉంటాయేమో.